రెండో తీగ

గుంతకల్లు స్టేషన్ రోడ్డు మలుపులో
పంచరంగడికీ టీ కొట్టుకీ నడుమ
ఆరడుగుల రేకుల షెడ్డు నాది.
బోర్డు మీద 'ఆటో ఎలక్ట్రికల్' అనే రెండు మాటల్లో
ఒకటి ఎండకు పోయింది.

పని నేర్చుకోను పిల్లోళ్ళు వస్తారు.
మొదటి దినం చెప్పేది ఒకటే:
తాళం తీస్తే బండి నిద్రపోయిందనుకోవద్దు.
హారన్ మేలుకునే ఉంటాది.
లోపలి బుడ్డి లైటు, డోరు తీస్తే చాలు, కన్ను తెరుస్తాది.
పార్కింగ్ లైట్లు, మరిచిపోయినోని పాపానికి,
రాత్రంతా వెలిగి తెల్లారేసరికి బండిని చంపుతాయి.
రేడియోది మాత్రం వేరే కత.
దానికి కరెంటు తీగలు రెండు.
ఎర్రది తాళం మాట వింటాది.
తిప్పితే పాడు, తీస్తే మూసుకో.
పసుపుది ఎవరి మాటా వినదు.
నేరుగా బ్యాటరీ కాడ నుంచి వస్తాది.
చీమ తాగినంత తాగుతా
గడియారాన్నీ, నొక్కిపెట్టిన స్టేషన్లనూ
చీకట్లో గుర్తుపెట్టుకుంటాది.
"పసుపూ కుంకుమా రా" అంటా నేను.
నవ్వుతారు. ఇంగ మరిచిపోరు.

శనివారం పొద్దుగూకే యాళకు
ఒక పాత ఇండికాను నలుగురు తోసుకొచ్చినారు.
వెనకాల వన్నూరక్క, చెప్పులు చేత పట్టుకుని.
కుళ్ళాయప్ప బండి అది.
అర్ధరాత్రి రైలు దిగినోళ్ళను
ఉరవకొండ, ఆలూరు, పత్తికొండ,
యాడికంటే ఆడికి చేర్చి వచ్చేటోడు.
తాళంచెవి ఆయమ్మ చేతికొచ్చి రెణ్ణెల్లు.

బానెట్ ఎత్తినా.
బ్యాటరీ కొన ఊపిరి మీద ఉండాది.
"లైట్లేమన్నా ఆపకుండా ఇడిసినావా అక్కా?"
"లేదు నాయనా. దినామూ రాత్రి వంటయినాక
పోయి లోపల కూచుంటా.
ఒక గాటు తిప్పుతా.
మూడో బటన్ నొక్కితే అనంతపురం వస్తాది.
వార్తలయినాక తీసేస్తా.
ఇంజను జోలికి పోలేదు."

అదే కదా తప్పు. ఇంజను తిరిగితేనే
తాగిన కరెంటు మళ్ళా నిండేది.
నోటిదాకా వచ్చింది.
పక్కకు తిరిగి స్పానర్ వెతికినా.

"కొత్తది వేస్తా. కాకపోతే పాతది పీకినాక
గడియారం మొదటికొస్తాది, స్టేషన్లు పోతాయి.
మళ్ళా పెట్టిస్తాలే."
"గడియారం పన్నెండు నిమిషాలు ముందుంటాది."
"తెలుసక్కా. రైలు తప్పకుండా పెట్టుకున్నాడు."
"అట్లే ఉండల్ల."

ఇరవై రెండేండ్లలో ఈ పని ఎవరూ అడగలేదు.
షెడ్డులోని బ్యాటరీ ఒకటి మోసుకొచ్చి
కేబుళ్ళతో పక్కన తగిలించి,
ఆ తీగల నోట్లో ఒక్క గడియ కూడా
ఎండ తగలనీకుండా పాతది తీసినా.
బోల్టు ఉప్పు పట్టి కదల్లేదు.
వేడినీళ్ళకు టీ కొట్టుకాడికి మనిషిని పంపినా.
కేబులు జారకుండా పట్టుకోను మౌలాలిగాడు.

వాడికి ఊరకుండే అలవాటు లేదు.
"ఇంత తిప్పలెందుకన్నా?
గుర్తుపెట్టుకునేది ఏ తీగ?"

నోరు తెరిచి మూసినా.
"రెండోది" అన్నా.
"రెండోదంటే?"
"రెండోదిరా. కేబులు చూడు."

"పసుపుది" అనింది వన్నూరక్క,
బండి కప్పు మీద దుమ్ము తుడుస్తా.
"ఆయప్ప చెప్పినాడు."

కొత్తది కూచుంది. గాటు తిప్పినా.
నా సెల్లులో ఆరూ నలభై.
బండిలో ఆరూ యాభై రెండు.
మౌలాలి సరిచేయబోయి వేలు చాపినాడు,
ఆ వేలిని స్పానర్‌తో పక్కకు నెట్టినా.

"వారానికొకసారి ఇంజను పట్టించాల అక్కా,
పావుగంట."
"వార్తలు పది నిమిషాలే."
"ఇంగొక పాట విను."
ఆయమ్మ నన్ను లేపి, సీట్లో కూచుని,
రెండో గాటు తానే తిప్పింది.
ఆ సద్దుకు తానే ఉలిక్కిపడి, చెయ్యి తీయలేదు.

పాత బ్యాటరీకి తొమ్మిదొందలు తగ్గించి లెక్క చెప్పినా.
"పదకొండొందలు" అనింది,
"బళ్ళారి రోడ్డులో అడిగే వచ్చినా."